డబ్బులు కట్టే ముందు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి

కావలిలో మాది చిన్న డీటీపీ షాపు. ఒక కంప్యూటర్, ఒక జిరాక్స్ మిషన్, ఒక కలర్ ప్రింటర్, బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ బ్యానర్లు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, తహసీల్దారు ఆఫీసుకి అర్జీలు, పిల్లల బయోడేటాలు, మెస్సుల వాళ్ల మెనూ కార్డులు, ఏది వస్తే అది చేస్తాం. ఫ్లెక్సీ కొట్టే మిషన్ మాకు లేదు, డిజైన్ ఇక్కడ చేసి నెల్లూరుకో ఒంగోలుకో పంపిస్తాం. రెండేళ్లుగా ఈ పనుల్లో సగానికి పైగా ఏఐ (చాట్‌జీపీటీ లాంటివి) సాయం తీసుకుంటున్నా. అది తెలిసిన దగ్గర్నుంచి పక్క షాపుల వాళ్లూ చుట్టాలూ అడిగేది ఒకటే మాట, "అక్కా, ఏది కొనమంటావు, నెలకి ఎంతవుద్ది?"

నేను చెప్పేది కూడా ఒకటే. నెల రోజులు ఏదీ కొనొద్దు. పది రూపాయల నోటుపుస్తకం ఒకటి కొని, ఏఐని ఏం అడిగారో, మొదటిసారికే పనికొచ్చిందా లేక నాలుగుసార్లు అడగాల్సి వచ్చిందా, ఉచితంగా ఇచ్చేది అయిపోయి ఆగిపోయిందా, ఈ మూడూ రోజూ రాసుకోండి. నెల తిరిగేసరికి మీకు ఏది కావాలో ఆ పుస్తకమే చెప్తుంది.

నా పుస్తకం లెక్క చెప్తాను. మొదటి నెలలో 143 పనులు రాశా. ఉచిత పరిమితి అయిపోయి పని ఆగింది 11 సార్లు మాత్రమే. ఆ 11 కూడా బొమ్మల పనే, రాత పని ఒక్కటీ లేదు. ఇంకో విషయం, ఆ 11లో 9 ఒకే వారంలో వచ్చాయి, అది ముహూర్తాల వారం. అంటే నాకు నెలనెలా కట్టాల్సిన అవసరమే లేదు, పెళ్లిళ్లు ఉన్న నెలలో కడితే చాలు. మూఢం వచ్చిందంటే షాపులో ఈగలు తోలుకుంటాం, ఆషాఢమూ అంతే, ఆ నెలల్లో ఎవరికో డబ్బు కట్టడం ఎందుకు? మూడెకరాల రైతు కోత మిషన్ కొనడు కదా, కోతల రోజుల్లో గంటల లెక్కన బాడుగకి పిలుస్తాడు. ఇది కూడా అట్టాంటిదే.

నేను ఈ లెక్క మొదట్నుంచీ పాటించలేదు. టెలిగ్రాంలో ఒకతను చాట్‌జీపీటీ పెద్ద ప్లాన్ అకౌంటు 300కే ఇస్తానంటే తీసుకున్నా. అప్పుడు దాని అసలు ధర నెలకి 1,999, భలే చౌక అనుకున్నా. లాగిన్ అయ్యాక పక్కన చూస్తే ఎవరెవరివో చాట్లు కనపడ్డాయి, ఎవరో వాళ్ల ఆస్పత్రి రిపోర్టు పెట్టి అడిగింది కూడా ఉంది. అంటే నేను పెట్టే పార్టీల (పని ఇచ్చే కస్టమర్ల) వివరాలు కూడా అట్టానే వేరేవాళ్లకి కనపడతాయి. అర్జీల్లో సర్వే నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే నేను రాసినవన్నీ తుడిచేసి బయటికొచ్చా, నాలుగు రోజులకి ఆ అకౌంటే మూతపడింది, అతను జవాబు ఇవ్వడం మానేశాడు. 300 పోయిందని కాదు నా బాధ, మనల్ని నమ్మి కాగితాలు ఇచ్చిన మనుషులవి అవి. ఎవరు ఎంత చౌకగా ఇస్తామన్నా పంచుకునే అకౌంట్లు తీసుకోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

పైగా ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు. 2025 ఆగస్టులో చాట్‌జీపీటీ వాళ్లు మన దేశం కోసమని గో అనే ప్లాన్ నెలకి 399 రూపాయలకి పెట్టారు, యూపీఐతో కట్టొచ్చు. అదే ఏడాది నవంబరు 4 నుంచి దాన్నే ఏడాది ఉచితంగా ఇస్తామన్నారు, నేను తీసుకున్నా. ఎయిర్‌టెల్ వాళ్లు పెర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఇచ్చారు, జియో వాళ్లు జెమినీ ప్రో 18 నెలలు ఇచ్చారు. ఆఫర్లు వస్తుంటాయి పోతుంటాయి, మీ సిమ్ యాప్ తెరిచి ఒకసారి చూసుకోండి. ఇట్టాంటివి తీసుకునేటప్పుడు కార్డో యూపీఐ ఆటోపేనో అడిగితే మాత్రం జాగ్రత్త, ఉచితం అయిపోయిన రోజు నుంచి డబ్బు కట్ అవుతుంది. కట్ కాబోయే ముందు, 24 గంటలు ముందుగా, మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది కానీ రోజుకి యాభై మెసేజ్‌లు వచ్చే ఫోన్‌లో దాన్ని ఎవరు చూస్తారు? నేను గోడ క్యాలెండర్‌లో తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీసుకున్నా. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక చోటుంటుంది, మీరు ఒప్పుకున్నవన్నీ అక్కడ కనపడతాయి, అక్కడే ఆపేయొచ్చు కూడా.

ఇక అసలు విషయం. ఉచితం ఎందుకు తొందరగా అయిపోతుందో తెలిస్తే సగం ఖర్చు తగ్గుతుంది.

ఈ ఏఐలు మనం రాసింది పదాలుగా చదవవు, ముక్కలుగా కోసుకుని చదువుతాయి, ఆ ముక్కనే టోకెన్ అంటారు. కొన్ని ఏఐలు ఉచిత పరిమితిని ఈ టోకెన్ల లెక్కన చూస్తాయి, కొన్ని మెసేజ్‌ల లెక్కన. మన తెలుగుకి మొదట్లో చాలా అన్యాయం జరిగేది, ఒక్కో అక్షరాన్ని రెండు మూడు ముక్కలు చేసేవి. 2024 మేలో చాట్‌జీపీటీ వాళ్ల జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ వచ్చినప్పుడు వాళ్లే ఒక ఉదాహరణ చూపించారు, ఒకే మాటకి తెలుగులో ముందు 159 టోకెన్లు పట్టేవి, కొత్తదానిలో 45 పడుతున్నాయి. అదే మాటకి ఇంగ్లీషులో 24. అంటే చాలా తగ్గింది, అయినా ఇంకా ఇంగ్లీషుకి దాదాపు రెట్టింపు. అందుకని తెలుగులో అడగొద్దనడం లేదు, నేను తెలుగులోనే అడుగుతా, మనకి చేతనైన భాషలో అడిగితేనే మనకి కావాల్సింది సరిగ్గా చెప్పగలం. పది పేజీల కాగితం మొత్తం పడేసి "చూడు" అనకుండా కావాల్సిన పేరా మాత్రమే ఇవ్వండి అంటున్నా.

ఇంకోటి ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఒకే చాట్‌లో మీరు ఇరవయ్యో ప్రశ్న అడిగితే అది ముందున్న పంతొమ్మిదీ మళ్లీ చదువుకుని అప్పుడు జవాబు చెప్తుంది. చాట్ పెరిగే కొద్దీ బరువు పెరుగుతుంది, టోకెన్ల లెక్కన చూసేవాటిలో పరిమితి తొందరగా కరిగిపోతుంది, పైగా పొద్దున చేసిన పెళ్లి కార్డు మాటలు సాయంత్రం చేసే బయోడేటాలో దూరతాయి. నేను ఒక పార్టీకి ఒక చాట్, పని అయిపోగానే దాన్ని వదిలేసి కొత్తది తెరుస్తా. ఈ ఒక్క అలవాటుతో నాకు మళ్లీ మళ్లీ అడగడం సగానికి తగ్గింది.

అర్జీల సంగతి చెప్పాలి. సోమవారం కలెక్టరేట్‌లో, మండలాల్లో అర్జీలు తీసుకుంటారు కాబట్టి ఆదివారం సాయంత్రం మా షాపులో జనం ఎక్కువ. మొదట్లో ఏఐని "పొలం హద్దు గొడవ మీద అర్జీ రాయి" అంటే "మీ యొక్క అమూల్యమైన" అని మొదలుపెట్టి ఎవరూ మాట్లాడని తెలుగు రాసేది. ఒకసారి అది ఒక జీవో నంబరు కూడా వేసింది, నేను చూసుకోకుండా ప్రింటు ఇచ్చా. ఆ పెద్దాయన ఆఫీసుకి వెళ్తే అట్టాంటి జీవోనే లేదన్నారట. ఎండలో తిరిగి మళ్లీ మా షాపుకొచ్చి కూర్చుని, "ఏందమ్మాయ్, ఇట్టా చేస్తివే" అన్నాడు, గొంతు పెంచలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. అతనికి బస్సు ఛార్జీ ఇచ్చి, అర్జీ మళ్లీ చేతితో టైపు చేసి ఇచ్చా.

అప్పటి నుంచి పద్ధతి మార్చా. వివరాలు నావి, మాటలు పేర్చడం దానిది. ఎవరు, ఏ ఊరు, ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఏం కావాలి, ఈ ఐదూ ఐదు లైన్లలో రాసి, కింద ఇదివరకు నేను చేసిన మంచి అర్జీ ఒకటి అతికించి, "దీని తీరులోనే రాయి, నేను చెప్పని చట్టం, జీవో, తేదీ ఏదీ వేయొద్దు" అంటా. ఒకేసారికి వస్తుంది. ఆధార్, పాస్‌బుక్ నంబర్లు దానికి ఇవ్వను, వాటి చోట చుక్కలు పెట్టించి ప్రింటుకి ముందు నేనే నింపుతా. ఇట్టాంటి మంచి నమూనాలు ఒక పాతిక దాకా ఫోన్‌లో నోట్స్‌లో దాచుకున్నా, కార్డు మాటలకి ఒకటి, అద్దె ఒప్పందానికి ఒకటి, మెస్సు మెనూకి ఒకటి. చెప్తే నమ్మరు గానీ ఆ పాతిక నమూనాలు ఉంటే ఉచిత ఏఐ కూడా 1,999 దానిలాగా పని చేస్తుంది, ఎందుకంటే దానికి తెలివి తక్కువై కాదు, మనకి ఏం కావాలో తెలియక తప్పు చేస్తుంది.

చేతిరాత కాగితాలు తెస్తే టైపు చేయడానికి ఏఐ పరిమితి ఖర్చు పెట్టను. గూగుల్ డ్రైవ్‌లో ఫోటో పెట్టి దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అచ్చు తెలుగు బాగానే అక్షరాలుగా మారుతుంది, చేతిరాతైతే నేను చదువుతూ ఫోన్ కీబోర్డు మైకులో తెలుగులో చెప్తా, అదే టైపు చేస్తుంది. రెండూ ఉచితమే.

బొమ్మలు. ఇక్కడే డబ్బు పోయేది, ఇక్కడే పని తెలియాల్సింది.

"ఓణీల ఫంక్షన్ బ్యానర్ చెయ్యి" అంటే వచ్చేది ఉత్తరాది పెళ్లి మండపం. దానికి మన ఫంక్షన్ తెలియదు, మన వస్తువులు మాత్రం తెలుసు. కాబట్టి ఫంక్షన్ పేరు కాదు, కంటికి కనపడేది చెప్పాలి. నేను రాసేది ఇట్టా ఉంటుంది: "కొబ్బరాకుల పందిరి, రెండు పక్కలా గెలలతో అరటి బోదెలు, పైన బంతిపూలు మామిడాకుల తోరణం, కింద పసుపు కుంకుమ గిన్నెలు ఉన్న ఇత్తడి పళ్లెం, పొద్దుటి ఎండ, కుడి వైపు మూడో వంతు ఖాళీ, మనుషులు వద్దు, అక్షరాలు వద్దు, అడ్డంగా 3 కి 2 కొలత." దీన్ని కూడా నేరుగా బొమ్మ మీద ప్రయోగించను. ముందు మామూలు చాట్‌లో పెట్టి "ఇది చదివితే నీకు ఏం కనపడుతోందో చెప్పు, ఎక్కడ అయోమయంగా ఉంది?" అని అడుగుతా. మాటలకి పరిమితి ఎక్కువ, బొమ్మలకి తక్కువ, కాబట్టి తప్పులన్నీ మాటల దగ్గరే అయిపోవాలి. ఇదివరకు ఒక బ్యానర్‌కి ఏడెనిమిది బొమ్మలు తీసేదాన్ని, ఇప్పుడు రెండు, మహా అయితే మూడు.

ఎడ్ల సంగతి వింతగా ఉంటుంది. సంక్రాంతి ముందు ప్రకాశం జిల్లా వైపు నుంచి బండలాగుడు పోటీల ఫ్లెక్సీలు వస్తాయి. ఒంగోలు గిత్త అని అడిగితే బక్కచిక్కిన ఏదో ఎద్దు, పొడుగు కొమ్ములు, మూపురం లేదు. గిత్తలు మేపేవాళ్లకి అది ఇస్తే మొహం మీదే కొడతారు. తెల్లటి ఒళ్లు, ఎత్తు మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు అని విడివిడిగా రాస్తే కొంత దారికి వచ్చింది. తర్వాత ఒకటి తట్టింది. మన గిత్తలు బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్లలో పెరిగాయి, మన నెల్లూరు పేరే అది. ప్రపంచంలో ఆ పేరుతోనే ఫోటోలు ఎక్కువ ఉంటాయి కదా అని బొమ్మ అడిగేటప్పుడు ఆ పేరు కూడా జత చేశా. మొదటి బొమ్మలోనే మూపురం సరిగ్గా వచ్చింది. కాడి, గజ్జెలు, లాగుతున్న బండ మాత్రం మేం తీసిన ఫోటోలోవే పెట్టాం, ఎందుకంటే ఏఐ ఎన్నిసార్లు వేసినా ఎద్దుల్ని బండకి కాకుండా బండికి కట్టేస్తోంది.

తెలుగు అక్షరాలు బొమ్మలో వేయించొద్దు. వత్తులు పోతాయి, గుణింతం మారుతుంది, "శుభాకాంక్షలు"లో క్ష దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి అవుతుంది. దాన్ని సరిచేయించడానికి ఇంకో నాలుగు బొమ్మలు తగలేస్తాం. బొమ్మ దానితో, అక్షరాలు మనతో. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, పొన్నాల, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, దించుకుని ఫోటోపీ (Photopea) అనే సైటులో వేసుకోవచ్చు, అది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఫోటోషాప్ ఫైళ్లు కూడా తీసుకుంటుంది, డబ్బు అడగదు, ప్రకటనలు వస్తాయంతే.

సైజు దగ్గర కూడా అనవసరంగా పెద్ద ప్లాన్ కొంటారు. చాట్‌జీపీటీ నాకు ఇచ్చిన అడ్డం బొమ్మ 1536 కి 1024 పిక్సెళ్లు ఉంది. ఆరడుగుల ఫ్లెక్సీ అంటే 72 అంగుళాలు, అంగుళానికి 21 పిక్సెళ్లే వస్తాయి, బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. దాన్ని అప్‌స్కేల్ (Upscayl) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాలుగు రెట్లు పెంచితే 6144 అవుతుంది, అంగుళానికి 85. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 ఉంటే సరిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది, నెట్ కూడా అక్కర్లేదు, కాకపోతే కాస్త గ్రాఫిక్స్ ఉన్న మిషన్ కావాలి. నా కంప్యూటర్ పాతది, ఒంగోలులో ఇంజినీరింగ్ చదివే మా అన్న కొడుక్కి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపిస్తా, వాడు తన లాప్‌టాప్‌లో పెంచి పంపుతాడు. ఫోటోగా పంపితే వాట్సాప్ నలిపేస్తుంది, అది గుర్తు పెట్టుకోండి.

దిద్దుబాట్ల గురించి ఒక మాట. ఒకే బొమ్మని పట్టుకుని "ఇది మార్చు, అది మార్చు" అంటూ పోతే ప్రతిసారీ మిగతాది కూడా కొంచెం కొంచెం మారుతుంది, రంగు పసుపు తిరుగుతుంది, మొహాలు మనవి కాకుండా పోతాయి. రెండు దిద్దుబాట్లకి కుదరకపోతే నేను ఆపేసి, మార్పులన్నీ కలిపి మొదటి మాటలే మళ్లీ రాసి కొత్తగా తీస్తా.

మొహాలు అన్నాను కదా. అల్లూరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, వాళ్ల నాయన పోయి తొమ్మిది రోజులు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఫోటో లేదు, రేషన్ కార్డు కోసం ఎప్పుడో తీయించిన చిన్న ఫోటో, ఒక మూల తేమకి ఊడిపోయింది. ఏఐకి ఇచ్చి బాగు చేయమన్నా. ముప్పై సెకన్లలో మెరిసిపోయే ఫోటో వచ్చింది, చొక్కా మీద మడత కూడా లేదు. నాకు సంతోషం వేసింది. ఆ అమ్మాయి స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "అక్కా, బాగుంది. కానీ ఇది మా నాయన కాదు" అంది. ఎందుకమ్మా అంటే, "మా నాయనకి ఎడమ కన్ను కాస్త చిన్నది. పెదవి మీద గాటు ఉంటది, చేపల వలలో ఇనుప కొక్కెం తగిలింది చిన్నప్పుడు. ఈయనకి అయ్యేం లేవు" అని ఏడ్చేసింది.

అది మొహాన్ని బాగు చేయదు, కొత్త మొహాన్ని ఊహించి వేస్తుంది. పోలిక దగ్గరగా ఉంటుంది కాబట్టి బయటివాళ్లకి తెలియదు, ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. ఆ రోజు షాపు మూసే టైము దాటినా కూర్చుని పాత ఫోటోనే పెట్టుకుని మొహం జోలికి పోకుండా మరకలు ఫోటోపీలో చేత్తో తుడిచా. ఊడిన మూల, వెనక గోడ, చొక్కా కాలరు, ఇవి మాత్రం ఏఐ చేసినవి తెచ్చి అతికించా. రెండు గంటలు పట్టింది. కాస్త మసకగానే వచ్చింది, కానీ చిన్న కన్ను ఉంది, గాటు ఉంది. ఆ అమ్మాయి ఫోన్‌లో ఫోటో తీసుకుని వాళ్లమ్మకి పంపింది, వెంటనే ఫోన్ వచ్చింది, అవతల ఏం మాట్లాడారో నాకు వినపడలేదు, ఆ అమ్మాయి "ఊఁ, ఊఁ" అంటూ తల ఊపుతూ ఉండిపోయింది.

నోటుపుస్తకంలో ఆ రోజు పేజీలో "మొహాలు ఏఐకి ఇవ్వకూడదు" అని రాశా. ఏ ప్లాన్ కొన్నా ఇది మారదని కింద గీత కూడా గీశా, ఎందుకంటే తర్వాత డబ్బు కట్టిన దానిలో కూడా అదే ఫోటో, ఆ అమ్మాయిని అడిగి, పేర్లేవీ పెట్టకుండా ప్రయత్నించి చూశా, గాటు మళ్లీ పోయింది.

సెట్టింగుల్లో ఒకటి చేసుకోండి. చాట్‌జీపీటీలో డేటా కంట్రోల్స్ అని ఉంటుంది, అక్కడ మన చాట్లు వాళ్ల మోడల్ నేర్చుకోవడానికి వాడకుండా ఆపే బటన్ ఉంది, ఉచిత అకౌంట్‌కి కూడా ఉంది. పార్టీల కాగితాలు పెట్టేవాళ్లు అది ఆపాకే పని మొదలుపెట్టాలి.

నాకు ఉచితంగా వచ్చిన ఏడాది నవంబరులో అయిపోతుంది. క్యాలెండర్‌లో ఎర్ర గీత దానికి మూడు రోజుల ముందు తేదీ మీద ఉంది, ఆ రోజు ఆటోపే ఆపేస్తా. కార్తీకంలో పెళ్లిళ్ల ఆర్డర్లు పది దాటితే ఆ నెలకి 399 కడతా, దాటకపోతే ఉచితంతోనే నడుపుతా. ఇప్పటికి నాలుగు అడ్వాన్సులు వచ్చాయి.